మిస్ ఎల్నోరా ముట్టని టీ

మా భోజనాల బల్ల మీద ఒక తెల్లని చక్రం ఉంది. స్టీలు గ్లాసు అడుగంత ఉంటుంది. పాలిష్ లోపలికి దిగిపోయింది గనక ఎంత తుడిచినా పోదు. పోయిన వారం మా అమ్మాయి మాధవి టెక్సస్‌లోని ప్లేనో నించి వచ్చి ఆ చక్రాన్ని గోటితో గీకి చూసింది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్న ఇల్లు అమ్మేసి, వాళ్ళకి దగ్గర్లో చిన్న ఇల్లు చూసుకోవాలని నిర్ణయించుకున్నాం. నిర్ణయం అమ్మాయిది, ‘కున్నాం’ మాత్రం మాది. వచ్చిన దగ్గర్నించీ ఇల్లంతా తిరుగుతూ తీసుకెళ్ళే సామానుకి పచ్చ చీటీ, ఇచ్చేసే సామానుకి ఎర్ర చీటీ అంటిస్తోంది. నాకు ఏ రంగు పడుతుందోనన్న భయంతో నేను ఒకచోట ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం మానేశాను.

“నాన్నా, ఈ టేబుల్ మీద మనం ఎప్పుడు తిన్నాం? నెవర్!” అంది ఎర్ర చీటీ ఒకటి ఊడదీస్తూ. “నా హోమ్‌వర్క్, నీ మెయిల్, అమ్మ పికిల్ జార్స్, అంతే. పైగా ఈ స్టెయిన్ ఒకటి. ఫ్రీగా ఇచ్చినా ఎవరూ తీసుకోరు.”

“అది స్టెయిన్ కాదే, స్టాంపు,” అన్నాను.

“వాట్ స్టాంప్?”

“నువ్వు పుట్టడానికి ఒక ఊరు కావాల్సి వచ్చింది. ఆ ఊరు వేసిన స్టాంపు.”

మాధవి వాళ్ళమ్మ వైపు చూసింది. నా మాట ఏదైనా వాళ్ళమ్మ సంతకం పడితేగాని మా ఇంట్లో చెల్లదు. సుభద్ర నవ్వి, “నిజమే చెప్తున్నారులే. ఆ చీటీ పక్కన పెట్టు,” అంది. అప్పట్నించీ ఆ ఊరు నా చుట్టూ తిరుగుతోంది.

ఆ ఊరు కూడా ఇలినాయ్‌లోనే ఉంది, ఇక్కడికి దక్షిణంగా, మొక్కజొన్న చేల మధ్య. ధాన్యం నిలవచేసే పొడుగాటి టవరు ఒకటి, చర్చిలు రెండు, ఒక బాంకు, ఒక చిన్న ఆసుపత్రి. డెబ్భైల చివర్లో, న్యూయార్క్‌లో నా ట్రైనింగ్ అయిపోగానే అక్కడ ఉద్యోగం దొరికింది. నాకు ముందున్న ముసలి డాక్టరుగారు సగం ఊరికి పురుళ్ళు పోసి, మిగతా సగానికి కట్లు కట్టి రిటైరయ్యారు. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆయన కుర్చీలో కూర్చుంటే నా కాళ్ళు నేలకి ఆనేవి కావు. క్లినిక్కు ముందు ‘డాక్టర్ రావు’ అని కొత్త బోర్డు పెట్టారు. బోర్డు రాసిన వేళావిశేషం, అది చెప్పినట్టే జరిగింది. కేసులు రావు. ఫోన్లు రావు. పొరపాటు నంబర్లు కూడా రావు. “పేరు మార్చి ‘డాక్టర్ వస్తాయి’ అని రాయించుకోండి,” అనేది సుభద్ర.

ఊరివాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. పోస్టాఫీసులో కనిపిస్తే టోపీ ఎత్తి పలకరించేవారు, వాన పడుతుందో లేదో చెప్పేవారు. వాళ్ళ తోటలో టమాటాలు ఎక్కువ కాస్తే మా గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు. కానీ జ్వరం వస్తే మాత్రం కారెక్కి పక్క ఊరి డాక్టరు దగ్గరికి పోయేవారు. ఆసుపత్రి బోర్డులో అందరూ రైతులే, ఒక బాంకాయన తప్ప. వాళ్ళు నన్ను పిలిచి చాలా మర్యాదగా, ఎంతో ఇబ్బంది పడుతూ చెప్పారు. కోతలు అయ్యేదాకా చూస్తారట. అప్పటికీ రోగులు రాకపోతే నన్ను ఉంచుకునే స్తోమత ఆసుపత్రికి లేదట. నేను ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పేసరికి సుభద్ర పెరట్లో గోంగూర మడికి నీళ్ళు పెడుతోంది. అప్పుడు మాధవి కడుపులో ఉంది. గుంటూరులో సర్దిన పెట్టెలు న్యూయార్క్‌లో విప్పి, న్యూయార్క్‌లో సర్దినవి ఇక్కడ విప్పి, ఇంకా నడుం నొప్పి తగ్గలేదు ఆవిడకి. “గోంగూర వేళ్ళూనిన చోటే నేనూ ఉంటాను. మీరు కావాలంటే వెళ్ళి రండి,” అంది నీళ్ళ గొట్టం నా వైపు తిప్పకుండా, కానీ తిప్పగలిగే దూరంలో ఉంచి.

దారి చూపించింది మా నర్సు డోరతీ. పాత డాక్టరుగారి దగ్గర ఏళ్ళ తరబడి చేసిన మనిషి, క్లినిక్కుతో పాటు నాకు సంక్రమించింది.

“డాక్టర్, ఈ ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా ముందు మిస్ ఎల్నోరాని అడుగుతారు. ఆవిడ ఎక్కడికి వెళ్ళమంటే అక్కడికి వెళ్తారు,” అంది.

“ఆవిడ డాక్టరా?”

“టీచర్. బాంకాయన, షెరీఫ్, మీ బోర్డు మొత్తం, నేను, అందరం ఆవిడ బెంచీల మీద కూర్చున్నవాళ్ళమే. మాకు ఇప్పటికీ ఆవిడ ముందు చూయింగ్ గమ్ నమలడానికి భయం.”

“మరి నా దగ్గరికి ఎందుకు పంపరు?”

“మిమ్మల్ని చూడందే ఆవిడ ఎలా చెప్తారు? టీకి పిలవండి.”

పిలిచాం. వస్తానన్నారు. అక్కడ మొదలైంది హడావిడి. అప్పటిదాకా మేము వంటింట్లో కింద పేపరు పరుచుకుని తినేవాళ్ళం. పెద్దమనిషిని పేపరు మీద కూర్చోబెడితే అది వార్త అవుతుంది గనక, పక్క ఊరికి వెళ్ళి ఈ బల్లా దాని కుర్చీలూ కొనుక్కొచ్చాం. తర్వాత టీ. మేమిద్దరం కాఫీ పక్షం. టీ పెట్టడం సుభద్రకి చూచాయగా తెలుసు. టీ సంచులు చింపి, పొడిని పాలలో అల్లం వేసి మరగబెట్టింది. మా దగ్గరున్న కప్పులకి జతలు లేవు. అందుకని పెళ్ళిలో పెట్టిన స్టీలు గ్లాసులు, అడుగున చుక్కలతో సుభద్ర పేరు కొట్టించినవి, పెట్టెలోంచి పైకి తీసింది. ఇక తినడానికి గారెలు. షికాగో నించి తెచ్చి దాచుకున్న మినప్పప్పంతా ఆ రోజుకి నానింది. రుబ్బుతుంటే మిక్సీ మూడొంతులు పొగ, ఒకవంతు పిండి ఇచ్చింది.

ఇక్కడ సుభద్ర వంట గురించి ఒక మాట చెప్పాలి. వండుతూ రుచి చూడదు. వాళ్ళ నాయనమ్మ నేర్పిన వంట, రుచి చూస్తే ఎంగిలి. ఉప్పు వేసేది ఆవిడ చేతి అంచనా మీద, తినేది నా నమ్మకం మీద. అందుకని వచ్చినవాళ్ళు మొదటి ముక్క నోట్లో పెట్టుకునేదాకా సుభద్ర వాళ్ళ మొహం వంకే చూస్తుంటుంది. పరీక్ష ఫలితాలు అక్కడ పడతాయి.

మిస్ ఎల్నోరా చెప్పిన వేళకి పొడుగాటి ఆకుపచ్చ కారులో వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, గడకర్రలా నిటారుగా, నీలం గౌను, చేతికి సంచీ. వీధి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకుని లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. సుభద్ర మొదటి వాయ గారెలు పళ్ళెంలో తెచ్చి ముందు పెట్టింది. పొగలు కక్కే టీ గ్లాసు పక్కన పెట్టింది. పెట్టి ఒక పక్కన తను నిలబడింది, ఇంకో పక్కన మంచినీళ్ళ జగ్గుతో నేను నిలబడ్డాను. మా తెనాలి ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా తింటుంటే ఇల్లంతా అలా నిలబడేది. మా నాన్నగారు విసనకర్ర పట్టుకునేవారు. దానికి మించిన మర్యాద ఉంటుందని నేనెరగను.

మిస్ ఎల్నోరా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ కుర్చీల వంక చూసి, మా వంక చూసి నవ్వారు.

“ప్లీజ్ టేక్, మేడమ్,” అంది సుభద్ర.

“చాలా బాగున్నాయి డియర్. తప్పకుండా,” అన్నారు. ముట్టుకోలేదు.

వాన గురించి చెప్పారు. మొక్కజొన్న గురించి చెప్పారు. పాత డాక్టరుగారి దస్తూరి ఎంత ఘోరమో చెప్పారు. నేను అన్నిటికీ జగ్గు పట్టుకుని తలూపాను. గారెల మీద పొగ ఆగిపోయింది. టీ మీద మీగడ కట్టింది. సుభద్ర నన్ను కళ్ళతో వంటింట్లోకి లాగింది.

“ఆవిడ ముట్టుకోలేదేమండీ? నూనె వాసన పడలేదా?”

“సిగ్గేమో.”

“టీచరుకి సిగ్గేంటండీ! ఉప్పెక్కువైందంటారా?”

“ముట్టుకుంటేగా ఉప్పు తెలిసేది!”

“చల్లారిపోయి ఉంటాయి. అందుకే. ఉండండి, వేడివి పట్టుకెళ్తా.”

చల్లారిన పళ్ళెం వెనక్కి వచ్చింది, వేడి పళ్ళెం వెళ్ళింది. ఆవిడ మళ్ళీ కుర్చీల వంక చూశారు, మళ్ళీ నవ్వారు, మళ్ళీ ముట్టుకోలేదు. అదీ చల్లారింది. అదీ వెనక్కి వచ్చింది. నా కళ్ళ ముందు ఆసుపత్రి బోర్డు, సర్దాల్సిన పెట్టెలు, గోంగూర మడి వరసగా నడిచి వెళ్ళాయి. సుభద్ర ఇంకోసారి పళ్ళెం తియ్యబోతే మిస్ ఎల్నోరా దాని అంచు మీద చెయ్యి వేశారు.

“డియర్, ఈ ప్లేటు ఇందాకట్నించి వస్తోంది, వెళ్తోంది. నేను మాత్రం ఇక్కడే ఉన్నాను.”

“మీకు నచ్చలేదా మేడమ్?” అంది సుభద్ర.

“తింటేగా తెలిసేది.”

“మరి తినరేం?”

“నువ్వు కూర్చోవేం?”

సుభద్ర తెల్లబోయింది. “మీరు తినకుండా నేనెలా కూర్చుంటాను?”

“నువ్వు నిలబడి ఉంటే నేనెలా తింటాను? అందులోనూ నువ్వు ఉత్త మనిషివి కాదు.”

అప్పుడు తెలిసింది సంగతి. వాళ్ళ మర్యాదలో ఇల్లాలు వచ్చి కూర్చుని మొదటి ముక్క తిన్నాకగాని అతిథి చెయ్యి ఒళ్ళోంచి లేవకూడదు. చిన్నప్పుడు తొందరపడినందుకు వాళ్ళమ్మ చేతిమీద చెంచాతో కొట్టిందట. మా మర్యాదలో అతిథి తిని చెయ్యి కడుక్కున్నాకగాని ఇల్లాలి చెయ్యి నోటిదాకా రాకూడదు. నేను ఆ మాట చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని తలూపారు.

“అయితే డాక్టర్, మనం ముగ్గురం ఆకలితో పోతాం. ఈ ఊరికున్న ఒక్క డాక్టరూ లేకుండా పోతాడు.”

నేను రాజీ చేద్దామని, ఒకటి రెండు మూడు అనుకుని ముగ్గురం ఒక్కసారే మొదలుపెడదామన్నాను. ఆడవాళ్ళిద్దరూ ఒకేలాంటి చూపు నామీద పడేశారు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదే.

ఇంతలో మూకుడులో నూనె కాగిపోయి వాసన వేసింది. సుభద్ర పరుగెత్తింది. మిస్ ఎల్నోరా ఆ వాసన పీల్చారు. తర్వాత లేచి, సంచీ కుర్చీకి తగిలించి, నేను వద్దంటున్నా వినకుండా తిన్నగా వంటింట్లోకి నడిచారు. జగ్గుతో వెనకాల నేను.

“నా చిన్నప్పుడు,” అన్నారు పొయ్యి పక్కన నిలబడి, “మా పొలంలో నూర్పిళ్ళయితే చుట్టుపక్కల మగవాళ్ళంతా పనికి వచ్చేవారు, ఆడవాళ్ళంతా మా వంటింటికి వచ్చేవారు. ఆఖరి మగవాడు మూతి తుడుచుకునేదాకా ఒక్క ఆడది కూర్చునేది కాదు. ఆ తర్వాత కూర్చునే ఓపిక ఉండేది కాదు. పొయ్యి చుట్టూ నిలబడి, మూకుట్లోంచి చేతుల్తో తినేవాళ్ళం. ఇన్నేళ్ళలో అంత రుచైన తిండి నేను కూర్చుని తినలేదు.” చెయ్యి చాపారు. “నేను గెస్ట్‌ని కాను. నూర్పిళ్ళకి వచ్చాను. పెట్టు.”

సుభద్ర నా వంక చూసింది. వంటింట్లోకి వచ్చి చెయ్యి చాపిన మనిషి అతిథి ఎలా అవుతుంది? అయినవాళ్ళే అవుతారు. అయినవాళ్ళతో కలిసి తినడానికి మా ఇంట్లో ఏ అభ్యంతరమూ లేదు. మూకుడులోంచి దిగిన వాయలో ఒకటి ఆవిడకి, ఒకటి నాకు పెట్టి, ఆవిడ కళ్ళెర్రజేస్తే ఒకటి తనూ తీసుకుంది. ముగ్గురం ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ, అటూ ఇటూ గెంతుతూ తిన్నాం. మధ్యలో బెజ్జం చూసి డోనట్ అనుకున్న ఆవిడకి మొదట పచ్చిమిరపకాయ తగిలింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, “ఇది డోనట్ కాదు, డోనట్‌కి పెద్దక్క,” అన్నారు. నా క్లినిక్కు గురించి ఒక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం వచ్చిన గుమ్మంలోంచి వెళ్ళకుండా పెరటి తలుపు తీసుకుని గోంగూర మడి పక్కనించి వెళ్ళారు. బల్ల మీద ఆవిడ ముట్టని టీ అలాగే ఉంది. సుభద్ర గ్లాసు ఎత్తేసరికి కొత్త పాలిష్ మీద తెల్లని చక్రం.

సోమవారం నేను క్లినిక్కుకి వెళ్ళేసరికి వాకిట్లో ఆకుపచ్చ కారు ఉంది. లోపల కుర్చీలో మిస్ ఎల్నోరా కూర్చుని ఊలు అల్లుతున్నారు.

“ఏమిటి బాధ?” అన్నాను.

“ఏమీ లేదు. నా కారు కాసేపు మీ వాకిట్లో ఉండాలి. మీరు మీ పని చూసుకోండి.”

“నాకు పని లేదు కదా.”

“ఓపిక పట్టండి డాక్టర్.”

ఆ వీధి దాటకుండా ఆ ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేరు. మధ్యాహ్నానికి ఒక రైతు వచ్చి తలుపు దగ్గర టోపీ తీసి, డోరతీని చిన్న గొంతుతో, “మిస్ ఎల్నోరాకి ఏమైంది?” అని అడిగాడు. ఆవిడ తలెత్తకుండా, “నాకేం, బాగానే ఉన్నాను. నీ భుజం సంగతేమిటి? లోపలికి వెళ్ళి చూపించుకో,” అన్నారు. వెళ్ళాడు. ఆ వారమంతా ఆకుపచ్చ కారు అక్కడే ఉంది. శనివారానికి ఆవిడ కూర్చోవడానికి కుర్చీ ఖాళీ లేకపోయింది. కోతలు అయ్యాక బోర్డువాళ్ళు మళ్ళీ పిలిచి, ఈసారి ఇబ్బంది పడకుండానే మాట్లాడారు. ఆ ఊళ్ళో నన్ను ‘గారు’ చేసినవి గారెలేనని సుభద్ర ఇప్పటికీ అంటుంది. నేను కాదనను. నిలబడి తిన్నాం గనక నిలబడ్డాం.

ఆ సాయంత్రం కథని మిస్ ఎల్నోరా తన పద్ధతిలో ఊరంతా చెప్పుకున్నారు. డాక్టరింట్లో తిండి కనిపించీ కనిపించకుండా మాయమవుతుందని, దొరకాలంటే వంటింట్లోకి వెళ్ళి పట్టుకోవాలని. అది మొదలు మా వీధి తలుపు తెరవాల్సిన పని పడలేదు. అక్కడ వీధి గుమ్మం పాస్టరుకీ, ఇన్సూరెన్సు అమ్మేవాడికీ, కొత్తవాళ్ళకీ. కావలసినవాళ్ళు పెరటి దారినే వస్తారు, ముందు ఫోను చెయ్యరు, తలుపు తోసుకుని “ఎవరున్నారు?” అని కేక వేస్తారు. మాధవి పుట్టినప్పుడు వచ్చిన జనమంతా పొయ్యి చుట్టూనే. బురద బూట్లు గుమ్మం బయట, మనుషులు లోపల, కాఫీ వాసనలో ఇంగువ, తడిసిన కోట్ల వాసనలో తిరగమోత. పాపని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి అందుకుంటూ, గారె ఇంకో చేత్తో తింటూ. ఈ బల్ల మాత్రం పక్కగదిలో పెళ్ళికి పిలిచి పలకరించని చుట్టంలా ఉండిపోయింది.

ఇప్పుడు మా షామ్‌బర్గ్ వంటింట్లో మధ్యన నల్లరాతి అరుగు ఉంది. ఐలండ్ అంటారు. అందరూ దాని చుట్టూ నిలబడే తింటారు. అదీ నిలబడటమే, ఇదీ నిలబడటమే, కానీ ఇప్పుడు నిలబడేది త్వరగా వెళ్ళడానికి. రెండు వారాల ముందు మెసేజ్ పెట్టి వస్తారు, కాగితం పళ్ళెంలో పెట్టుకుంటారు, “ఆంటీ, సూపర్!” అని ఫోన్ చూసుకుంటారు. తప్పు పట్టడం లేదు. మేమూ అలాగే వెళ్తాం, అలాగే వస్తాం. సుభద్ర ఇప్పుడు గారెలు ముందే చేసి, అల్యూమినియం ట్రేలో పెట్టి, మూత వేస్తుంది. వాయ అనే మాట మాధవికి తెలియదు.

ఎనభైల చివర్లో, మాధవి చదువని మేము ఆ ఊరు వదిలాం. సామాను సగం ట్రక్కులో ఎక్కింది. సాయంత్రం మిస్ ఎల్నోరా వచ్చారు, డోరతీ భుజం మీద చెయ్యి వేసుకుని, రెండో చేతిలో కర్రతో. పెరటి మెట్లు ఎక్కడానికే చాలాసేపు పట్టింది. వంటింట్లో పొయ్యి పక్కన నిలబడబోయి ఆగిపోయారు.

“ఇవాళ నూర్పిళ్ళు నావల్ల కావు డియర్. ఎక్కడైనా కూర్చోబెట్టు,” అన్నారు.

ఇంకా ట్రక్కెక్కని సామానులో ఈ బల్లా దాని కుర్చీలూ ఉన్నాయి. ఆవిడని దాని దగ్గర కూర్చోబెట్టాం. సుభద్ర గారెలు తెచ్చి ముందు పెట్టింది. టీ పెట్టింది. ఆవిడ గ్లాసుని కొంచెం జరిపి సరిగ్గా ఆ తెల్లచక్రం మీద ఉంచారు. ఉంచి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. నేను అలవాటు ప్రకారం జగ్గు అందుకున్నాను.

సుభద్ర పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పుట్టిన దగ్గర్నించి పెద్దవాళ్ళకంటే, అతిథికంటే ముందు మెతుకు ముట్టని మనిషి, పళ్ళెంలోంచి గారె తీసుకుని, ఆవిడ మొహం చూస్తూ, కొరికింది. ఒకసారి నమిలింది. ఆగింది.

“అయ్యో! ఉప్పు వెయ్యలేదండీ!” అని తెలుగులోనే అరిచి లేవబోయింది.

ఆ తెలుగు మిస్ ఎల్నోరాకి ఎలా అర్థమైందో తెలియదు. సుభద్ర మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. “చూశావా, మా అమ్మ ఇల్లాలిని ముందు ఎందుకు తినమనేదో,” అన్నారు నవ్వుతూ. తన చెయ్యి ఒళ్ళోంచి తీసి, ఆ చప్పిడి గారె ఒకటి తుంచుకుని, మెల్లగా, ఆఖరి ముక్కదాకా తిన్నారు. ఇంకోటి అడిగారు.

టీ కూడా తాగారు.